మందుల కంపెనీలో ఎంఆర్‌గా (మెడికల్ రిప్రజెంటేటివ్) చేరి 12 రోజులు, విజయవాడ హెచ్‌క్యూ – ఉండాలా, మానేయాలా?

పటమట_బీఎస్సీ:
అందరికీ నమస్కారం. బీఎస్సీ కెమిస్ట్రీ చేశాను. ట్రైనింగ్ అయ్యి ఫీల్డులో దిగి 12 రోజులు. కంపెనీ పేరు రాయను, చిన్నదే.

హెచ్‌క్యూ, అంటే నేనుండి పనిచేసే ఊరు, విజయవాడ. ఎక్స్-స్టేషన్లు, అంటే వెళ్లి అదే రోజు తిరిగొచ్చే ఊళ్లు, గుడివాడ, నూజివీడు, నందిగామ. చేతికొచ్చేది 21,000. హెచ్‌క్యూ డీఏ (రోజు భత్యం) 220, ఎక్స్-స్టేషన్‌కి 300, బండికి కిలోమీటరుకి 2.75. లిస్టులో 140 మంది డాక్టర్లు, రోజుకి 11 కాల్స్ (డాక్టర్లని కలవడం), 4 మెడికల్ షాపులు. బ్యాగులో రెండు యాంటీబయాటిక్స్, ఒక గ్యాస్ మందు, ఒక దగ్గు సిరప్, ఒక బీపీ, ఒక షుగర్. నెల టార్గెట్ 4 లక్షలు. పోయిన ఏడాది సగటు 2.4 లక్షలని మేనేజర్ గారే చెప్పారు. రెండేళ్లలో ఈ టెరిటరీలో ముగ్గురు మారారు.

ఆ 1.6 లక్షల తేడా ఎక్కడి నుంచి తేవాలి? "నెలాఖరుకి స్టాకిస్ట్ దగ్గర ఒక లక్ష దించెయ్, మిగతాది నేను చూసుకుంటా" అంటున్నారు మేనేజర్ గారు. అంటే షాపులకి హోల్‌సేల్‌గా ఇచ్చే వ్యాపారికి అవసరం లేకపోయినా లక్ష సరుకు బిల్లు చేయడం. ఇది మామూలేనా? లేకపోతే ఇప్పుడే క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) ల్యాబ్ వైపు వెళ్లిపోతే నయమా?

సూర్యారావుపేట_సందులు:
తమ్ముడూ, 4 లక్షలు అనగానే గుండె జారడం సహజమే గానీ, ముందు అది ఏ ధర మీద లెక్కో అడిగావా? ఎమ్మార్పీ మీదా, పీటీఆర్ (షాపుకి పడే ధర) మీదా, పీటీఎస్ మీదా? ఎక్కువ కంపెనీలు పీటీఎస్ మీదే వేస్తాయి. అంటే స్టాకిస్ట్‌కి పడే ధర.

స్ట్రిప్పు ఎమ్మార్పీ 105 అనుకో. అందులో 5 శాతం జీఎస్టీ తీసేస్తే 100. షాపు వాడికి 20 శాతం పోతే పీటీఆర్ 80. స్టాకిస్ట్‌కి దాని మీద 10 శాతం పోతే పీటీఎస్ 72. ధరల నియంత్రణ కిందికొచ్చే మందులకి మార్జిన్ 16, 8 శాతమే, వాటి లెక్క వేరు. పేషెంటు 105 కట్టినా నీ ఖాతాలో పడేది 72 అన్నమాట. 4 లక్షలు ఎమ్మార్పీ మీద అనుకుని నువ్వూ, పీటీఎస్ మీద అనుకుని మేనేజరూ కూర్చుంటే మొదటి నెలే గొడవ.

ఇప్పుడు ఈ 72ని డాక్టర్ల వైపు నుంచి చూడు. యాంటీబయాటిక్ పూటకొకటి చొప్పున 5 రోజులంటే 10 బిళ్లలు, ఒక స్ట్రిప్పు. డాక్టర్ రోజుకొకరికి రాస్తే 25 రోజులకి 25 స్ట్రిప్పులు, 1,800. అలాంటి వాళ్లు 30 మంది ఉంటే 54,000. కానీ వచ్చే నెల మళ్లీ సున్నా నుంచి మొదలు, ఎందుకంటే జ్వరం తగ్గినవాడు మళ్లీ కొనడు.

బీపీ బిళ్ల అలా కాదు. రోజుకొకటి, నెలకి 3 స్ట్రిప్పులు, 216. డాక్టర్ నెలకి నలుగురు కొత్తవాళ్లకి మొదలుపెడితే ఆరు నెలలకి 24 మంది. మూడో వంతు మంది మానేసినా, బ్రాండు మార్చినా 16 మంది మిగులుతారు, 3,456. అలాంటి డాక్టర్లు 20 మంది అయితే 69,000 పైచిలుకు, అది ప్రతి నెలా వస్తుంది. రెండూ కలిపినా ఆరు నెలలకి 1.23 లక్షలు, నీకు కావాల్సిన తేడా 1.6. కాబట్టి 4 లక్షలు అనేది ఏడాది చివరికి అందుకోగలిగే అంకె, మూడో నెలది కాదు. ఈ లెక్క తెల్లకాగితం మీద వేసి మేనేజర్‌కి చూపించు. కేకలేస్తే వేయనీ, కాగితం మాత్రం చూపించు.

బండెడు_ఓపిక:
లెక్క బావుంది గానీ సీజన్ మర్చిపోయావ్ అన్నా. దగ్గు సిరప్, యాంటీబయాటిక్ జులై నుంచి ఊపందుకుంటాయి, ఏప్రిల్-మేలో పడుకుంటాయి. 2.4 సగటు అంటే వానల్లో మూడు, ఎండల్లో లక్షా ఎనభై అయ్యుండొచ్చు. సగటు కాదు, 12 నెలలూ విడివిడిగా, బ్రాండు వారీగా అడుగు తమ్ముడూ. అందులో బీపీ, షుగర్ వాటా ఎంతో చూస్తే టెరిటరీ బతికుందో లేదో తెలుస్తుంది.

నెలాఖరు దించడం అంటావా, ఈ ఫీల్డులో అది లేని కంపెనీ లేదు. వారం పది రోజుల సరుకు ముందుగా దింపితే కొంప మునగదు.

వన్‌టౌన్_స్టాకిస్ట్:
మునుగుతుందండీ. బిల్లు కట్టేది మేం కాబట్టి చెప్తున్నా.

బాబూ, మేనేజర్ చెప్పిన 2.4 లక్షలు ప్రైమరీనా, సెకండరీనా? కంపెనీ డిపో నుంచి మా దగ్గరికి వచ్చింది ప్రైమరీ. మా దగ్గరి నుంచి షాపులకి వెళ్లింది సెకండరీ. నీ పనితనం రెండోదాంట్లోనే ఉంటుంది. నెల మొదటి వారంలో ప్రతి స్టాకిస్ట్ దగ్గరా స్టేట్‌మెంట్ తీసుకో. అందులో ఓపెనింగ్ (నెల మొదట్లో ఉన్న సరుకు), వచ్చింది, క్లోజింగ్ (నెలాఖరుకి మిగిలింది) ఉంటాయి. ఓపెనింగ్ 300 స్ట్రిప్పులు, వచ్చినవి 500, క్లోజింగ్ 420 అయితే అమ్ముడైంది 380. ఆఫీసు పుస్తకంలో మాత్రం 500 అమ్మినట్టే. మిగతా 120 మా అరల్లో ఉన్నాయి.

క్లోజింగ్ నెల అమ్మకానికి సమానంగా ఉంటే సరే, నెలన్నర దాకా ఓర్చుకోవచ్చు. రెండు నెలలు దాటిందంటే దించుడు జరిగినట్టే. మీ మేనేజర్ అన్న లక్ష ఏమవుతుందో చూడు. 28వ తేదీన బిల్లు కొడతారు. 21 రోజుల్లో చెక్కు పాస్ అవ్వాలి. సరుకు కదలకపోయినా డబ్బు కదులుతుంది. వచ్చే నెల నేను ఆర్డరివ్వను, నీ ప్రైమరీ పడిపోతుంది, అది పూడ్చడానికి ఈసారి లక్షన్నర దించమంటారు. నాలుగైదు నెలలు తిరిగేసరికి అరల నిండా పాత బ్యాచ్. అది ఎక్స్‌పైరీ అయి వెనక్కెళితే ఆ విలువ నీ సేల్‌లో నుంచే కోస్తారు. అప్పటికి దించమన్న మేనేజర్ ఇంకో ఏరియాలో ఉంటాడు. రెండేళ్లలో ముగ్గురు మారారన్నావే, కారణం డాక్టర్లలో వెతక్కు, ముందు క్లోజింగ్ స్టాకులో వెతుకు.

బండెడు_ఓపిక:
ఒప్పుకుంటున్నా. వారం పది రోజులు అన్నది క్లోజింగ్ నెలకి లోపు ఉన్నప్పుడే. లక్ష అంటే మనోడి అమ్మకంలో 12 రోజుల పైమాటే.

సూర్యారావుపేట_సందులు:
ఫీల్డు సంగతి చెప్తా. 140 మంది, రోజుకి 11, 25 రోజులు అంటే 275 కాల్స్. అందర్నీ సమానంగా రెండేసి సార్లు చూస్తే ఎవరికీ గుర్తుండవ్. 40 మందిని మూడేసి సార్లు, 60 మందిని రెండేసి, మిగిలిన 40 మందిని ఒక్కోసారి. మొత్తం 280, దాదాపు సరిపోయింది. ఆ మొదటి 40 మంది పేరున్నవాళ్లే కానక్కర్లేదు. రోజుకి 150 మందిని చూసే పెద్ద డాక్టర్ గది ముందు ముప్పై బ్యాగులుంటాయి. 40 మందిని చూసే ఎంబీబీఎస్ డాక్టర్ గది ముందు మూడుంటాయి. చిన్న కంపెనీ వాడికి రెండో గదే మేలు.

సూర్యారావుపేటలో బండి మీద తిరగొద్దు. నక్కల్ రోడ్డుకో, పుష్పా హోటల్ సెంటర్‌కో వెళ్లి ఒకచోట ఆపి నడువు. పార్కింగ్ వెతుక్కోవడంలోనే రోజుకి రెండు కాల్స్ పోతాయి. గుంటూరు కొత్తపేట కూడా అంతే. పొద్దున పెద్ద ఆసుపత్రులు, ఒంటిగంట దాకా. సాయంత్రం ఆరు తర్వాత క్లినిక్‌లు. మధ్యలో రెండు నుంచి నాలుగు దాకా షాపులు. ఎంఆర్‌లని చూసే వారం, టైము బోర్డు మీద ఉంటాయి, లేకపోతే కాంపౌండర్ చెప్తాడు. మొదటి రౌండులోనే అవన్నీ నోట్‌బుక్కులో ఎక్కించు. లిస్టులో ఉన్న సగం టైములు తప్పులే ఉంటాయి, ముందున్నవాళ్లు ఊహించి రాసినవి.

షాపులో అడగడానికీ ఒక పద్ధతుంది. రాత్రి ఏడింటికి ఓనర్ బిల్లులు కొడుతుంటే వెళ్లి "మాది ఎన్ని పోతున్నాయండీ" అంటే "బాగానే పోతోంది" అని పంపించేస్తాడు. మధ్యాహ్నం వెళ్లి కౌంటర్లో ఉన్న కుర్రాణ్ణి అడుగు. ఫలానా డాక్టర్ చీటీల్లో బీపీకి ఎక్కువగా వచ్చే మూడు బ్రాండ్లు ఏంటి, వారానికి ఎన్నేసి స్ట్రిప్పులు, మాది రాసినప్పుడు ఇస్తున్నారా, మార్చి ఇస్తున్నారా. ఆ ఆఖరి ప్రశ్న ముఖ్యం. డాక్టర్ రాస్తున్నా షాపులో మార్చేస్తుంటే నువ్వు డాక్టర్ దగ్గర ఎంత అరిచినా లాభం లేదు.

లోపల నీకు దొరికేది నిమిషంన్నర. ఆరు బ్రాండ్లూ గడగడా అప్పజెప్పకు. ఒకటి గట్టిగా, రెండు పేరు చెప్పి వదిలెయ్. "సార్, పోయినసారి 40 ఎంజీ దొరకట్లేదన్నారు. కింద షాపులో, ఎదురు షాపులో పదేసి స్ట్రిప్పులు పెట్టించాను. పేషెంటుకి నెలకి 315 అవుతుంది. ఈ వారం కొత్తగా మొదలుపెట్టేవాళ్లలో ఇద్దరికి రాసి చూడండి సార్." అంతే, ఇక మాట్లాడకు. ఆయన ఏదో ఒకటి అంటాడు. ఆయన అన్న మాట బయటికొచ్చాక రాసుకో, రెండో విజిట్ దాంతోనే మొదలవ్వాలి. సరుకు షాపులో పెట్టించకుండా మాత్రం డాక్టర్ గదిలోకి పోకు. చీటీ పట్టుకెళ్లిన పేషెంటు దొరకలేదని వెనక్కొస్తే ఆర్నెల్ల పాటు నీ బ్రాండు రాయడు.

కొత్తపేట_ఫైలు:
జీతం కంటే ఖర్చుల లెక్క ముందు చూసుకో తమ్ముడూ. హెచ్‌క్యూ 15 రోజులు, ఎక్స్-స్టేషన్ 10 రోజులు అనుకుందాం. హెచ్‌క్యూకి 3,300. ఎక్స్-స్టేషన్‌కి రానూపోనూ 90 కిలోమీటర్లయితే బండికి 247.50, డీఏ 300, పదిరోజులకి 5,475. కలిపి 8,775.

బయటికెళ్లేది ఇదీ. హైవే మీద లీటరుకి 50 వస్తే 90 కిలోమీటర్లకి 1.8 లీటర్లు, లీటరు 110 వేసుకున్నా 198. మిగిలేది 49.50. టైర్లు, ఆయిలు, చైను, సర్వీసు కలిపి కిలోమీటరుకి రూపాయి వేసుకుంటే 90 పోవాలి. రోజుకి 40 రూపాయలు నీ డీఏలో నుంచే. భోజనం, టీ పోగా మిగిలేదీ లేదు, పోయేదీ లేదు. అసలు ప్రమాదం ఆలస్యం. ఎక్స్‌పెన్స్ స్టేట్‌మెంట్ రెండు నెలలు పాస్ కాకపోతే 17,550 నీ జేబు డబ్బు కంపెనీ దగ్గర వడ్డీ లేకుండా ఉంటుంది. అంతకుముందున్న వాళ్లకి ఎన్ని రోజులకి పడిందో కనుక్కో. ఇంకో మాట, బండి ఇన్సూరెన్స్‌లో 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉందో లేదో చూడు. నందిగామ హైవే మీద రాత్రి తిరుగు ప్రయాణం ఉంటుంది నీకు.

కాగితాల సంగతి. అపాయింట్‌మెంట్ లెటర్ చేతికొచ్చిందా? ఆఫర్ మెయిల్ వేరు, ఇది వేరు. 1976 నాటి సేల్స్ ప్రమోషన్ ఎంప్లాయీస్ చట్టం నుంచీ మన ఉద్యోగానికి అది తప్పనిసరి. 2025 నవంబరు 21న లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చి ఆ చట్టం వాటిలో కలిసిపోయింది, లెటర్ ఇవ్వాలన్నది మాత్రం పోలేదు. మానేస్తే రెండు పని దినాల్లో జీతం బాకీ తేల్చాలని కూడా కోడ్‌లో ఉంది. "మానేశాక ఏడాది పాటు ఇంకో మందుల కంపెనీలో చేరను" అని రాయించుకుంటే కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు అది నిలబడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు మాత్రం ఎవరడిగినా ఇవ్వొద్దు. పీఎఫ్ కోస్తున్నారా, కోసింది యూఏఎన్ (పీఎఫ్ నంబరు) పాస్‌బుక్‌లో పడుతోందా, రెండో నెల జీతం రాగానే చూసుకో.

నూజివీడు_రోడ్డు:
డీసీఆర్ (రోజూ ఎవర్ని కలిశామో పెట్టే రిపోర్టు) గురించి ఎవరూ ఎత్తలేదేంటి. 11 కాల్స్ అవ్వని రోజు 8 అనే రాయండి. చూడని డాక్టర్ని చూసినట్టు రాస్తే యాప్‌లో లొకేషన్ పట్టిస్తుంది. టార్గెట్ తప్పితే తిడతారు, దొంగ కాల్ దొరికితే దాని మీదే తీసేస్తారు. సేల్ బాగున్నప్పుడు చూసీచూడనట్టు ఉండి, పడిపోగానే పాత డీసీఆర్‌లు బయటికి తీస్తారు. "మేనేజరే వెయ్యమన్నారు" అంటే చెల్లదు, లాగిన్ మీది.

బ్యాగులో_మంచు:
శాంపిల్స్ గురించి రెండు ముక్కలు. మేలో బెజవాడ ఎండకి బండి డిక్కీ పొయ్యి మీది గిన్నెతో సమానం. లేబుల్ మీద 25 లేదా 30 డిగ్రీల లోపు అని ఉంటుంది, డిక్కీలో అంతకి చాలా ఎక్కువే ఉంటుంది. మెత్తటి క్యాప్సూల్స్ ఒకదానికొకటి అతుక్కుంటాయి, సిరప్ రంగు మారుతుంది. అలాంటిది డాక్టర్ బల్ల మీద పెడితే ఆ బ్రాండు పని అక్కడితో అయిపోయినట్టే. రోజుకి సరిపడా మాత్రం బ్యాగులో పెట్టుకుని మిగతావి ఇంట్లో నీడపట్టున ఉంచండి. ఇన్సులిన్ లాంటివి 2 నుంచి 8 డిగ్రీలు, మీ బ్యాగులో అవి లేవు కాబట్టి ఆ బాధ లేదు.

ఇక యూసీపీఎంపీ, అంటే మందుల కంపెనీలు డాక్టర్ల దగ్గర ప్రచారం ఎలా చేసుకోవాలో చెప్పే, 2024 మార్చిలో వచ్చిన కోడ్. శాంపిల్ ప్యాక్ ముగ్గురు పేషెంట్ల కోర్సుకి మించకూడదు, ఒక మందుకి ఒక డాక్టర్‌కి ఏడాదికి 12 ప్యాకులే. క్యాలెండరూ, డైరీ లాంటి బ్రాండ్ రిమైండర్లు ఒక్కోటి 1,000 రూపాయల లోపు. డాక్టర్‌కి గానీ వాళ్లింట్లో వాళ్లకి గానీ బహుమతులు, టూర్లు కుదరవు. ఎవరికి ఎన్ని శాంపిల్స్ ఇచ్చారో యాప్‌లో అదే రోజు ఎక్కించండి. శాంపిల్ షాపులో అమ్మితే అది ఉద్యోగం పోవడంతో ఆగదు, డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ దాకా వెళుతుంది. "ఫలానా డాక్టర్‌కి కమిట్‌మెంట్ ఉంది, ముందు నువ్వు పెట్టు, తర్వాత క్లెయిమ్ చేద్దాం" అని మేనేజర్ అంటే మెయిల్ పెట్టమనండి. పెట్టడు. అప్పుడు మీ జేబులో డబ్బు మీ జేబులోనే ఉంటుంది.

పటమట_బీఎస్సీ:
అందరికీ చాలా థ్యాంక్సండీ. లెటర్ వచ్చింది, టార్గెట్ పీటీఎస్ మీదేనట. క్యూసీ గురించి కూడా ఎవరైనా చెప్పండి.

పరవాడ_షిఫ్టు:
క్యూసీ అయితే విశాఖ వైపు పరవాడో, హైదరాబాద్ వైపు జీడిమెట్లో, పాశమైలారమో వెళ్లాలి. బెజవాడలో ఉండి కుదరదు. అద్దె, మెస్సు తీసేస్తే చేతిలో మిగిలేది మీకు ఇప్పుడొచ్చే దానికంటే ఎక్కువేం కాదు. మూడు షిఫ్టులు, రోజంతా నిలబడి పని. హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంతుందో కొలిచే మెషీన్) మీద చేయి తిరిగేదాకా తూకాలు, డైల్యూషన్లు, లాగ్‌బుక్కులే. ల్యాబ్‌లోనూ చేయని పని చేసినట్టు రాస్తే మీ ఫీల్డులో దొంగ కాల్ లాంటిదే, ఇంకా ఎక్కువ. మనుషులతో మాట్లాడటం కష్టంగా ఉండి వస్తానంటే రండి. టార్గెట్‌కి భయపడి అయితే మాత్రం వద్దు, ఇక్కడ దాని బదులు బ్యాచ్ రిలీజ్ తేదీ (సరుకు పరీక్షించి వదలాల్సిన గడువు) ఉంటుంది.

పటమట_బీఎస్సీ:
ఇవాళ పెద్ద స్టాకిస్ట్ దగ్గర స్టేట్‌మెంట్ తీసుకున్నా. బీపీ, షుగర్ క్లోజింగ్ నెల లోపే ఉంది. యాంటీబయాటిక్స్ నలభై రోజులు. కానీ దగ్గు సిరప్ 640 సీసాలున్నాయి, నెలకి పోయేది 110. ఎక్స్‌పైరీ ఇంకా 5 నెలలే. గుడివాడ స్టాకిస్ట్ 100 సీసాలు తీసుకుంటానంటున్నాడు, బండి మీద రెండు ట్రిప్పుల్లో తీసుకెళ్లి ఇచ్చేయనా?

వన్‌టౌన్_స్టాకిస్ట్:
ఆగు బాబూ, సీసా ఒక్కటి కూడా కదిలించకు.

ముందు లెక్క. 110 చొప్పున 5 నెలలకి 550 అని అనుకోకు. ఎక్స్‌పైరీ మూడు నెలల లోపుకి వచ్చిందంటే చాలా షాపులు తీసుకోవు. అంటే నీకున్న టైము రెండు నెలలు, 220 సీసాలు. దాదాపు 400 మిగులుతాయి. ఇది నువ్వు చేరకముందు దించిన సరుకని తేలాలంటే ఈ రాత్రే మేనేజర్‌కి మెయిల్ పెట్టు. స్టాకిస్ట్ పేరు, బ్యాచ్ నంబర్లు, సీసాలు, ఎక్స్‌పైరీ నెల, కంపెనీ ఇన్‌వాయిస్ తేదీలు. స్టేట్‌మెంట్ ఫోటో జత చెయ్యి. నింద వెయ్యకు, "వేరే హెచ్‌క్యూకి మార్చడానికి వీలుంటే చెప్పగలరు" అని ఒక్క ముక్క రాసి వదిలెయ్.

గుడివాడకి బిల్లు లేకుండా తీసుకెళ్తే రేపు ఆ సీసాలు ఎక్స్‌పైరీ అయినప్పుడు కంపెనీ క్లెయిమ్ తిప్పికొడుతుంది, ఎందుకంటే ఆ బ్యాచ్ గుడివాడ పేరు మీద ఎప్పుడూ బిల్లవ్వలేదు. ఇద్దరు స్టాకిస్టులూ నీ మీద పడతారు. దారిలో ఎవరైనా ఆపితే చూపించడానికి నీ దగ్గర కాగితమూ ఉండదు. ఇక్కడి నుంచి కంపెనీకి రిటర్న్, కంపెనీ నుంచి గుడివాడకి కొత్త బిల్లు. లేదా స్టాకిస్ట్ నుంచి స్టాకిస్ట్‌కి బ్యాచ్, ఎక్స్‌పైరీ వేసిన బిల్లు, దానికి కంపెనీ ఒప్పుకున్నట్టు మెయిల్. రెంటిలో ఏదో ఒకటి వచ్చాకే సీసాలు కదలాలి.

పటమట_బీఎస్సీ:
సరేనండీ. బ్యాచ్‌లు మూడున్నాయి, ఒకదానికి నాలుగు నెలలే ఉంది. అది విడిగా రాయాలా?

వన్‌టౌన్_స్టాకిస్ట్:
విడిగానే, పైన రాయి. షాపులకి కూడా ముందు అదే పంపమని మా కుర్రాళ్లకి చెప్పినట్టు అక్కడా చెప్పు, వాళ్లు చేతికందింది తీసి ఇచ్చేస్తుంటారు.